కాలం చెల్లిన దావా: ఒక లా కాలేజీలో క్లినికల్ పేపర్లను మార్చిన తీరు

తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలోని లా కాలేజీలో మూడేళ్ల ఎల్ఎల్‌బీ విద్యార్థులకు డ్రాఫ్టింగ్ (దావాలు, దస్తావేజులు రాయడం), మూట్ కోర్టు (నమూనా కోర్టులో వాదించడం) పేపర్లు చెబుతున్నాను. అంతకుముందు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేశాను. ఈ రెండు పేపర్లు నడిపే పద్ధతి మార్చి, వాటిని దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ పాఠాలతో కలిపాం. మా పని ఎక్కడ కుదిరిందో, ఎక్కడ కుదరలేదో రాస్తున్నాను. యూనివర్సిటీ సిలబస్‌లో ఒక్క అక్షరం కూడా మార్చే అధికారం లేని అనుబంధ కాలేజీల్లో పనిచేసే తోటి అధ్యాపకులకు ఇది ఉపయోగపడుతుందని నా నమ్మకం.

మార్పు తప్పదని మాకు తేల్చి చెప్పింది ఒక దావా. ప్రాంసరీ నోటు మీద బాకీ వసూలుకు వేసే మామూలు దావానే. పాత బ్యాచ్‌ల విద్యార్థులు అభ్యాసంగా రాసి ఇచ్చిన రికార్డులన్నీ ఒకచోట పెట్టి చదువుతుంటే అదే దావా ఏడాది తర్వాత ఏడాది కనబడుతూ వచ్చింది. వాది పేరు మారింది, ఊరు మారింది, అప్పు మొత్తం మారింది. తేదీలు మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. ఆ తేదీల ప్రకారం నోటు రాసిన ఆరేళ్లకు దావా వేశారు. మధ్యలో నోటు వెనక చెల్లు (కొంత బాకీ తీర్చినట్టు రాసే రాత) లేదు, బాకీ ఒప్పుకుంటూ రాసిన కాగితం లేదు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం అడగ్గానే తీర్చాల్సిన నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. అంటే ఫైలింగ్ కౌంటర్ దగ్గరే అభ్యంతరం రాసి వెనక్కి పంపే దావా అది. రికార్డుల్లో మాత్రం దానికి మార్కులు పడ్డాయి, కింద సంతకాలు పడ్డాయి. ఆ రికార్డు రాసిన పిల్లలు సనదు తీసుకుని నల్లకోటు వేసుకున్నారు. ఎవరో ఒక మనిషి తన కష్టార్జితం తాలూకు నోటు పట్టుకుని వాళ్ల దగ్గరికే వస్తాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

నిబంధనల్లో లోపం ఉందా అంటే, లేదనే చెప్తాను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనల్లో నాలుగు క్లినికల్ పేపర్లు, అంటే పని చేసి నేర్చుకునే పేపర్లు, తప్పనిసరి: డ్రాఫ్టింగ్, వృత్తి నీతి, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, మూట్ కోర్టు. డ్రాఫ్టింగ్ పేపర్లో 15 ప్లీడింగులకు (దావా, జవాబు దావా లాంటి కోర్టు కాగితాలకు) 45 మార్కులు, 15 దస్తావేజులకు 45 మార్కులు, వైవాకు 10. మూట్ కోర్టు పేపర్లో మూడు మూట్లు, ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ స్వయంగా చూడటం, క్లయింటుతో జరిగే సంభాషణ రెండుసార్లు గమనించి డైరీ రాయడం ఉన్నాయి. ప్రతి కాలేజీలో సీనియర్ అధ్యాపకుడి పర్యవేక్షణలో లీగల్ ఎయిడ్ క్లినిక్ (ఉచిత న్యాయ సహాయ కేంద్రం) ఉండాలని కూడా రాసి ఉంది. కాగితం మీద ఇంతకంటే మంచి ఏర్పాటు అడగక్కర్లేదు.

చిక్కంతా లెక్కలో ఉంది. ఒక సెక్షన్‌లో 60 మంది. ఒక్కొక్కరికి 30 డ్రాఫ్టులు. మొత్తం 1800. ఒక్కోదానికి 3 మార్కులు. ఇన్ని కాగితాలు ఒక అధ్యాపకుడు అక్షరం అక్షరం చదవడం జరిగే పని కాదని విద్యార్థికి తెలుసు. చదవని కాగితాన్ని కష్టపడి రాయడం ఎందుకని వాడనుకోవడంలో తప్పేముంది? పైగా మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఉద్యోగాలు చేసుకుంటూ లాసెట్ రాసి వచ్చినవాళ్లు. 70 శాతం హాజరు నిబంధనకే ఆయాసపడుతుంటారు. అందుకే సీనియర్ల రికార్డు ఎక్కడ దొరుకుతుందా అని మొదటి నెలలోనే వెతుకులాట మొదలవుతుంది.

బెంగళూరులో న్యాయవిద్యావేత్త మాధవ మీనన్ గారు నేషనల్ లా స్కూల్‌ను నిలబెట్టినప్పటి నుంచీ, 1998లో హైదరాబాద్‌లో నల్సార్ లా యూనివర్సిటీ వచ్చినప్పటి నుంచీ న్యాయవిద్య సంస్కరణ అంటే ఆ క్యాంపస్‌ల గురించే మాట్లాడుకుంటున్నాం. వాళ్లు చేసిన మేలు చాలా పెద్దది. కానీ మా జిల్లా కోర్టు బార్‌లో కనిపించే వకీళ్లలో ఎక్కువమంది మాలాంటి కాలేజీల్లో చదివినవాళ్లే. సంస్కరణ ఇక్కడికి రాకపోతే కోర్టు మెట్లెక్కే మామూలు మనిషికి ఒరిగేదేమీ ఉండదు.

సిలబస్ యూనివర్సిటీలోని బోర్డ్ ఆఫ్ స్టడీస్ చేతిలో ఉంటుంది. క్లినికల్ పేపర్లలో అభ్యాసాలు ఏవి ఇవ్వాలి, వాటిని ఎలా దిద్దాలి అన్నది మాత్రం చాలావరకు కాలేజీ చేతిలోనే ఉంది. మేం పట్టుకున్నది ఆ వెసులుబాటునే.

కట్ట

మొదట "ప్లెయింటు రాయండి, అఫిడవిట్ రాయండి" అంటూ శీర్షికలు ఇవ్వడం మానేశాం. దానికి బదులు ఇద్దరేసి విద్యార్థులకు ఒక కేసు కట్ట ఇచ్చాం. అందులో నోటు నకలు, లాయరు నోటీసు, పోస్టల్ రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, అవసరం లేని రెండు మూడు కాగితాలు ఉంటాయి. పేర్లు, వివరాలు అన్నీ కల్పితం. ప్రతి కట్టలో తేదీలు వేరు. ఒక కట్టలో గడువు దాటిపోయి ఉంటుంది, ఇంకో కట్టలో ఇంకా వారమే మిగిలి ఉంటుంది, మరో కట్టలో చెల్లు గడువును కాపాడుతుంది. పక్కవాడి దావా దించుకుంటే తన కేసు ఓడిపోతుంది. ఒకే కట్ట నుంచి నోటీసు, దావా, జవాబు దావా, మధ్యంతర దరఖాస్తు, అఫిడవిట్, అమలు దరఖాస్తు వరుసగా రావాలి.

దిద్దే భారం తగ్గించింది ఎదుటి పక్షం. జంటలో ఒకరు వాది వకీలు, ఇంకొకరు ప్రతివాది వకీలు. దావాలో ఉన్న లొసుగు జవాబు దావా రాసేవాడే పట్టుకోవాలి. పట్టుకుంటే వాడికి మార్కు, వదిలేస్తే ఇద్దరికీ కోత. నేను ఒక్కో విద్యార్థి కాగితాల్లో కొన్నిటినే ముందు చెప్పకుండా ఎంచుకుని పూర్తిగా చదివేవాణ్ని. మిగతావి ఎదుటివాడి కన్నుకు గురయ్యేవి. స్నేహితుడు అయినా సరే, తన మార్కు కోసం తేదీలు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

కట్టలో క్లయింటు కథ రాసి ఉండదు. దాన్ని విద్యార్థే అడిగి రాబట్టుకోవాలి. మా ఆఫీసు సిబ్బందిలో ఒకాయన క్లయింటుగా కూర్చునేవారు. ఆయన పాత్ర ముందే సిద్ధం చేసి ఇచ్చేవాళ్లం, అడిగిన దానికే జవాబు చెప్పాలని షరతు. "అప్పు ఎప్పుడిచ్చారు?" అంటే "మా పెద్దమ్మాయి పెళ్లైన ఏడాది" అంటారు. "తర్వాత ఏమైనా తిరిగిచ్చాడా?" అంటే "ఉగాదికి ముందు రెండు వేలు ఇచ్చాడు సార్, వెనకాల రాసుకున్నాం" అంటారు. ఇక్కడే విద్యార్థి పస తేలిపోతుంది. ఏ ఏడు ఉగాది? అప్పటికి మూడేళ్లు నిండాయా లేదా? వెనకాల రాసింది ఎవరు? లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, గడువు లోపల డబ్బు ఇచ్చి ఉండాలి, ఆ చెల్లు ఇచ్చినవాడి చేతిరాతతోనైనా వాడి సంతకంతోనైనా ఉండాలి. అప్పుడే గడువు కొత్తగా మొదలవుతుంది. అప్పిచ్చినాయన తనే రాసుకుని, తనే సంతకం పెట్టుకుంటే లాభం లేదు. తొలి బ్యాచ్‌లో ఎక్కువమంది "చెల్లు ఉంది" అని రాసుకుని తృప్తిగా లేచి వచ్చేశారు. "ఎవరి చేతిరాత?" అన్న ప్రశ్న ఒక అమ్మాయి అడిగింది. ఆమె లాలోకి రాకముందు ఒక చిన్న ఫైనాన్స్ ఆఫీసులో లెక్కలు రాసేదట.

ఈ సంభాషణను ముందు తెలుగులో, క్లయింటు మాటల్లోనే రాయమన్నాం. ఇంగ్లిష్ దావా ఆ తర్వాతే. బేర్ యాక్ట్ (చట్టం మూలపాఠం) ఇంగ్లిష్‌లో చదివి, క్లయింటు మాట తెలుగులో విని, మళ్లీ ఇంగ్లిష్‌లో దావా రాసేటప్పుడు మధ్యలో జారిపోయేవి ఎన్నో. 2020 జాతీయ విద్యా విధానం లీగల్, మెడికల్ విద్యలను కొత్త నియంత్రణ వ్యవస్థకు బయట ఉంచినా, న్యాయవిద్యను ఇంగ్లిష్‌తో పాటు రాష్ట్ర భాషలో కూడా అందించే సంగతి రాష్ట్ర సంస్థలు ఆలోచించాలని చెప్పింది. మా అనుభవంలో ఇది భాషాభిమానానికి సంబంధించిన విషయం కాదు. క్లయింటు చెప్పింది చెప్పినట్టు కాగితం మీదికి రావాలంటే ఇంతకుమించి దారి కనబడలేదు.

జులై 1కి ముందు, తర్వాత

2024 జులై 1న ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్పీసీ స్థానంలో బీఎన్ఎస్ఎస్ లాంటి కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి. 2024–25 నుంచి వాటినే పాఠ్యాంశంగా పెట్టాలని బార్ కౌన్సిల్ కాలేజీలకు చెప్పింది. చాలాచోట్ల ఈ మార్పు రెండు కాలమ్‌ల పట్టికగా మిగిలిపోయింది: హత్యకు 302 స్థానంలో 103, మోసానికి 420 స్థానంలో 318(4). విద్యార్థులు దాన్ని బట్టీ పట్టారు. కానీ జులై 1కి ముందు జరిగిన నేరాల కేసులు ఇంకా ఎన్నో ఏళ్లు కోర్టుల్లో నడుస్తాయి. కాబట్టి ఇప్పుడు బయటికొచ్చే వకీలుకు పాతా కొత్తా రెండూ రావాలి.

మేం క్రిమినల్ కట్టలో ఒక గొలుసు దొంగతనం పెట్టాం. సంఘటన జూన్ 28 సాయంత్రం, ఫిర్యాదు జులై 3న. దాదాపు క్లాసంతా భారతీయ న్యాయ సంహితలోని 304, అంటే లాక్కుపోవడం అన్న కొత్త నేరం రాసింది. ఆ నేరం జూన్ 28 నాటికి పుస్తకంలో లేదు. జరిగిన రోజుకు లేని నేరానికి ఎవరినీ శిక్షించకూడదని రాజ్యాంగం 20వ అధికరణ చెబుతోంది. నేరానికి పాత ఐపీసీ, తర్వాత నమోదైన ఎఫ్ఐఆర్‌కు, దర్యాప్తుకు కొత్త బీఎన్ఎస్ఎస్. ఈ ఒక్క కట్టతో 20వ అధికరణ వాళ్లకు ఎంత బాగా అర్థమైందో, రాజ్యాంగం క్లాసులో నెల రోజులు చెప్పినా అంత అర్థమయ్యేది కాదు.

విచారణ చూడటం అన్న భాగం గురించి ఒక్క మాట. విద్యార్థులు కోర్టుకు వెళ్తే కనబడేది ఎక్కువగా వాయిదాలే. అందుకని ఈ-కోర్ట్స్ యాప్‌లో కేసు దశ చూసి, సాక్ష్యం దశలో ఉన్నవే ఎంచుకుని, అదే కేసుకు వరుసగా వెళ్లమన్నాం. డైరీలో సాక్షి చీఫ్‌లో (తన పక్షం వకీలు అడిగినప్పుడు) చెప్పింది ఒక పక్క, క్రాస్‌లో (ఎదుటి వకీలు అడిగినప్పుడు) చెప్పింది ఇంకో పక్క రాయాలి. పార్టీల పేర్లు రాయకూడదు.

హైస్కూలు

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది హైస్కూలు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం లా కాలేజీల్లో క్లినిక్‌లను ప్రోత్సహించమంటోంది, జనంలో చట్టంపై అవగాహన పెంచమంటోంది. ఇది మామూలుగా జరిగే తీరు తెలిసిందే. ఏడాదికి ఒక రోజు బ్యానరు కడతారు, నలుగురు అతిథులు మాట్లాడతారు, పిల్లలు ఎండలో కూర్చుంటారు, ఫొటో పేపర్లో వస్తుంది. తర్వాత పిల్లల్ని ఏం విన్నారని అడిగితే, "బాగా చదువుకోమన్నారు" అంటారు.

మేం హెడ్మాస్టరుగారిని అడిగింది ఒకటే: ప్రత్యేక కార్యక్రమం వద్దు, సోషల్ పీరియడ్ ఇవ్వండి. పదో తరగతి సాంఘికశాస్త్రంలో సమాచార హక్కు గురించీ, న్యాయ సేవల సంస్థ గురించీ పాఠం ఉంది. పుస్తకం చివర్లో ఉండటంతో పరీక్షల టెన్షన్‌లో అది పరుగు మీద అయిపోతుంది. ఆ పాఠాన్ని ముందుకు జరిపి, సోషల్ టీచరు, మా విద్యార్థి కలిసి చెప్పేలా ఏర్పాటు చేసుకున్నాం. మా వాళ్లకు పెట్టిన నియమం: పాఠం ఒక్క పేజీలో, తెలుగులో, సెక్షన్ నంబరు లేకుండా ఉండాలి. టీచరు చదివి సరే అంటేనే క్లాసులోకి వెళ్లాలి.

సెక్షన్ నంబరు తీసేస్తే ఎంతమంది దగ్గర ఏం మిగిలిందో అప్పుడు తెలిసింది. సమాచార హక్కు పాఠం చెప్పడానికి వెళ్లిన అబ్బాయి దరఖాస్తు, 30 రోజులు, అప్పీలు అన్నీ చక్కగా చెప్పాడు. పిల్లలు తమ ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు ఎప్పుడెప్పుడు కడిగారో అడుగుదామన్నారు. "ఎవరికి ఇవ్వాలి సార్? ఎంత కట్టాలి?" అన్నారు. పది రూపాయలన్నాడు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. పంచాయతీలో దరఖాస్తు కార్యదర్శికే ఇవ్వాలి. ఇవన్నీ వాడు సాయంత్రం వచ్చి వెతుక్కుని, మర్నాడు వెళ్లి సరిదిద్దాడు. పిల్లలు రాసిన దరఖాస్తుల మీద తల్లిదండ్రులు సంతకం పెట్టారు. కొన్నిటికి జవాబు వచ్చింది, కొన్నిటికి రాలేదు. రానివి మా క్లాసులో మొదటి అప్పీలు అభ్యాసంగా మారాయి.

ఇంకో రోజు పోలీసు ఫిర్యాదు మీద పాఠం. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, "మా నాయినకు రాయనీకి రాదు సార్, కంప్లైంట్ ఎవరు రాస్తరు?" అన్నాడు. చెప్పడానికి వెళ్లిన విద్యార్థిని ఎఫ్ఐఆర్ మీద పది పేజీల వ్యాసం రాయగలదు. ఆ ప్రశ్నకు మాత్రం తడబడింది. జవాబు తను చదివిన సెక్షన్లోనే ఉంది. నోటితో చెబితే అధికారే రాసుకోవాలి, రాసింది చదివి వినిపించాలి, సంతకం తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి. బీఎన్ఎస్ఎస్ 173లో ఇదంతా ఉంది. పాత చట్టంలోనూ ఉండేది. తీసుకోనంటే? ఎస్పీకి పోస్టులో రాతపూర్వకంగా పంపాలి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. ఇవి తెలియాల్సింది ముందుగా ఆ పిల్లవాడి నాన్నకు. ఆ విద్యార్థిని తర్వాత వారం ఆ పిల్లలతోనే ఎస్పీకి రాసే ఉత్తరం నమూనా రాయించింది. అది మా క్లినిక్ గోడ మీద అతికించి ఉంది, వచ్చినవాళ్లు ఫొటో తీసుకుపోతుంటారు.

ఇక్కడ జాగ్రత్త గురించి గట్టిగా చెప్పాలి. చట్టం గురించి మాట్లాడితే పిల్లలు తమ ఇంటి సంగతులు చెబుతారు. ఒక అమ్మాయి "మా ఫ్రెండ్‌కు సంబంధం చూస్తున్నారు మేడమ్" అంది. బాల్య వివాహం మైనరు కోరితే రద్దవుతుందని మా విద్యార్థిని పుస్తకంలో ఉన్నట్టు చెప్పింది. "చేసినంక రద్దయితే ఏం లాభం మేడమ్?" అంది ఆ అమ్మాయి. పెళ్లి జరగకముందే మేజిస్ట్రేటు ఆపగలరని, ఆ ఉత్తర్వును కాదని చేస్తే ఆ పెళ్లి అసలు చెల్లదని 2006 చట్టం చెబుతోంది. ఆ సమాచారం ఎవరైనా ఇవ్వొచ్చు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. ఆ విషయం అదే రోజు టీచరు, హెడ్మాస్టరు ద్వారా చేరాల్సినవాళ్లకు చేరింది. అంతకుమించి ఇక్కడ రాయను.

దీన్ని ముందే ఊహించి కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. లా విద్యార్థి ఒంటరిగా క్లాసులో ఉండకూడదు, టీచరు ఉండాలి. పిల్లలు ఏదైనా చెబితే గుచ్చి గుచ్చి అడగకూడదు. పేరు డైరీలో రాయకూడదు. లైంగిక వేధింపు సంగతి అయితే పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు చెప్పితీరాలి, దాచడం నేరం. అందుకే ఎవరికి, ఎలా చెప్పాలో శిక్షణ ఇచ్చాకే స్కూలుకు పంపాం. ఈ శిక్షణ లేకుండా దయచేసి ఎవరూ ఈ పని మొదలుపెట్టొద్దు.

కుదరనివి

మొదటి ఏడాది మార్కులు తగ్గాయి. పక్క కాలేజీల్లో రికార్డు ఇస్తే మార్కులు పడుతుంటే మాకే ఎందుకీ కష్టమని విద్యార్థులు ప్రిన్సిపల్ గారి దగ్గరికి వెళ్లారు. వాళ్ల బాధ న్యాయమైనదే. ఉద్యోగానికో, ఎల్ఎల్ఎంకో మార్కులు అడుగుతారు, కట్ట ఎవరూ అడగరు. మేం వైవా ప్రశ్నల్ని పూర్తిగా వాళ్ల కట్టల నుంచే అడిగేలా మార్చుకున్నాక పరిస్థితి కొంత కుదుటపడింది. తన కేసు తనకు తెలిసినవాడు వైవాలో తడుముకోడు.

దస్తావేజుల భాగం ఇంకా దారిలో పడలేదు. అమ్మకం దస్తావేజు అనగానే దస్తావేజు లేఖరి దగ్గరి నమూనా తెచ్చి దించేస్తున్నారు. తెలంగాణలో 2020 నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసుకు మారింది, 2025లో భూమి రికార్డులకు సంబంధించిన భూభారతి చట్టం వచ్చింది. పాత రికార్డుల్లోని పొలం అమ్మకం నమూనాలు ఆ మార్పుల్ని పట్టించుకోవు. ఇక్కడ మాకు కుదిరింది ఒక్క అభ్యాసం. ఎవరి ఇంటి స్థలానికి వాళ్లు కొలత టేపు పట్టుకెళ్లి, నాలుగు హద్దులు తూర్పు నుంచి ఉత్తరం దాకా స్వయంగా రాసుకుని రావడం. ఇంట్లో ఉన్న దస్తావేజులోని హద్దులకూ నేల మీది హద్దులకూ తేడా కనబడినవాళ్లు గాభరాగా ఫోన్ చేశారు. ఆస్తి షెడ్యూలు ఎందుకంత జాగ్రత్తగా రాయాలో వాళ్లకు ఇక చెప్పక్కర్లేకపోయింది.

స్కూలు వైపు బలహీనత ఏంటంటే, ఇదంతా ఒక మంచి హెడ్మాస్టరు, ఒక ఓపిక గల సోషల్ టీచరు మీద నిలబడి ఉంది. బదిలీ అయితే మళ్లీ మొదటికి వస్తుంది. పదో తరగతి పరీక్షలో ఈ పాఠం నుంచి వచ్చే ప్రశ్న ఇప్పటికీ నిర్వచనాలే అడుగుతుంది. ఒక సంఘటన ఇచ్చి "ఈ మనిషి ఇప్పుడు ఏ ఆఫీసుకు వెళ్లాలి, ఏం రాయాలి?" అని అడిగే రోజు వస్తే, టీచరు ఎవరైనా ఆ పాఠం అలాగే చెబుతారు.

బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు మేం పంపుతున్న ప్రతిపాదన చిన్నది. క్లయింటు సంభాషణ డైరీని తెలుగులో రాయనివ్వాలి, దానికి మార్కులు పూర్తిగా ఇవ్వాలి. డ్రాఫ్టింగ్ అభ్యాసాలు ఒకే కేసు వాస్తవాల నుంచి రావాలని, ఆ వాస్తవాలు ఏటా మారాలని రాయాలి. స్కూల్లో పాఠం చెప్పడాన్ని ఇంటర్న్‌షిప్‌లో భాగంగా లెక్కించాలి. మూడేళ్ల కోర్సులో 12 వారాల ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి. వచ్చే బ్యాచ్ కట్టలు తయారవుతున్నాయి. ఈసారి నోటు వెనక చెల్లు మీద సంతకం బదులు వేలిముద్ర పెట్టాం. పక్కన సాక్షి పేరు ఉంది, ఆ సాక్షి ఎవరో క్లయింటును అడిగితేనే తెలుస్తుంది.